రెండు వేళ్ళ కొవ్వు

మంచు పడేలోపు నేను చెయ్యాల్సిన పనులు ఇవి. బోజ్ నాలుగు డెక్కలూ చెక్కి సరిచెయ్యాలి. డెక్కల కింద మంచు ఉండకట్టకుండా పూయడానికి గొర్రె తోక కొవ్వు కరిగించి డబ్బాలో పోసి పెట్టుకోవాలి. చెమట పట్టిన వీపు మీద కప్పడానికి రెండు పొరల కంబళి కుట్టుకోవాలి. పక్కన ఇంకో గుర్రం నడుస్తుంటే తన్నకుండా ఉండడం అమ్మ ముసలి ఆడగుర్రానికి నేర్పాలి. నది వెంట రాళ్ళు తక్కువున్న దారి చూసుకోవాలి. మధ్యాహ్నం తర్వాత నాకు పాఠాలు పెట్టొద్దని హెడ్మాస్టర్ని బతిమాలాలి. బార్లీ బస్తాలున్న గదికి తాళం సంపాదించాలి. ఆ తాళంచెవి మా ఆజెకి దొరక్కుండా దాచాలి. ఇవన్నీ చేస్తూ, బోజ్ వీపు మీదికి ఎవరూ ఎక్కకుండా చూడాలి, నాతో సహా.

ఆజె అంటే మా నాయనమ్మ. బోజ్ మా నాన్న గుర్రం. బూడిదరంగు కాబట్టి బోజ్ అని పిలిచేవాడు, అంతకంటే పెద్ద పేరు పెట్టే ఓపిక ఆయనకి లేదు. నాన్న పేరు కబ్దేష్. గొర్రెలు ఈనడం అయిపోయిన మే నెలలో గుండెల్లో మంటగా ఉందని పడుకుని మళ్ళీ లేవలేదు. మూడోరోజు పెదనాన్న దలెల్‌ఖాన్ కత్తెర తీసుకొచ్చి బోజ్ జూలూ తోకా పొట్టిగా కత్తిరించాడు. యజమాని పోయిన గుర్రాన్ని మా కజక్కులు తుల్ అంటారు. దిక్కులేనిదయిందని అర్థం. ఏడాది నిండే ముందు చనిపోయినవాడి పేరున పెద్ద విందు చేస్తారు. అప్పటిదాకా తుల్ గుర్రాన్ని ఎవరూ ఎక్కరు. విందు రోజు దాన్ని కోస్తారు. అది వెళ్ళి యజమానిని కలుసుకుంటుంది. 

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇది పాటించడం లేదు. గుర్రాన్ని కొడుకో అల్లుడో ఎక్కి తిరుగుతాడు. మా ఇంట్లో ఆజె ఉంది. ఆజె మాటంటే పెదనాన్నకి చట్టం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. రాజధాని ఉలాన్‌బాతర్‌లో పశుపోషణ చదివి వచ్చి మా ఊరి బడిలో జీవశాస్త్రం చెప్తున్నాను. నన్ను చదువుకి పంపినప్పుడు నాన్న బోజ్ మీద వెనక కూర్చోబెట్టుకుని ఓల్గీ పట్నం దాకా తీసుకెళ్ళి బస్సెక్కించాడు. బోజ్‌ని ఎందుకు బతికించాలనుకున్నానంటే దానికి పెద్ద కారణం లేదు. దాని వయసు తొమ్మిదేళ్ళు. ఒక్క రోగం లేదు. ఇంట్లోంచి ఒకరు పోయారు కదా, రెండోవాళ్ళని మనమే పంపించాలా అనిపించింది.

నలభయ్యో రోజు ప్రార్థనకి మగవాళ్ళంతా మా గుడారంలో కూర్చున్నారు. నేను ఉప్పు టీ పోస్తున్నాను. పెదనాన్న తన కుడిచేతి రెండు వేళ్ళు కలిపి అందరికీ చూపించాడు.

"వచ్చే వసంతానికి బోజ్ పక్కటెముకల మీద ఇంత కొవ్వుండాలి. వసంతంలో, ఊరి గుర్రాలన్నీ ఎండిపోయి ఉన్నప్పుడు, మన కుండలో రెండు వేళ్ళ కొవ్వు తేలాలి. కబ్దేష్ ఇంటివాళ్ళు వాడి గుర్రాన్ని ఎలా చూసుకున్నారో జనం చెప్పుకోవాలి."

అందరూ బాగుందన్నారు. నేను టీ కెటిల్ కింద పెట్టాను.

"పెదనాన్నా, దాన్ని కొయ్యకుండా ఉండే దారేమీ లేదా?"

మగవాళ్ళ మధ్య ఆ మాట అనడం నా తప్పే. ముల్లాగారు దగ్గారు. పెదనాన్నకి కోపం రాలేదు. ఆయన నన్ను చిన్నపిల్లలా చూస్తాడు, అదే నాకు ఎక్కువ కష్టం.

"ఎందుకు లేదు గైషా, ఉంది. మా తాత చెప్పేవాడు. విందు రోజు పందెంలో తుల్ గుర్రం మొదటొస్తే దాని మీద కత్తి పెట్టరు. పోయినవాడు నాకొద్దు, మీరే ఉంచుకోండి అన్నట్టు లెక్క."

"అయితే పందెంలో పరిగెత్తిస్తాను."

"ఏడాదిపాటు ఎవరూ ఎక్కని గుర్రాన్నా?"

"ఎక్కకుండానే తయారుచేస్తాను."

పక్కింటి తిలెక్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మా ఊళ్ళో జంతువుల్ని కోసే పని ఎప్పుడూ ఆయనదే. "చదువంటే ఇదే అన్నమాట. నోట్లో ముద్ద పెట్టకుండా కడుపు నింపుతానంటోంది."

"సరే," అన్నాడు పెదనాన్న. "ముల్లాగారూ, మీరే సాక్షి. మొదటొస్తే బతుకుతుంది. రాకపోతే కోస్తాం. ఆ తర్వాత ఈ పిల్ల నా తల తినకూడదు."

అలా ఒప్పందం కుదిరింది. పెదనాన్న నన్ను వదిలించుకోవడానికి ఒప్పుకున్నాడని నాకు తెలుసు. అయినా నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదాయన.

ఎండాకాలమంతా బోజ్ గుంపుతో కొండ మీద మేసింది. అసలు పని చలికాలంలో మొదలయ్యింది. గుర్రాన్ని ఎక్కకపోతే దాని దమ్ము ముందు పోతుంది, తర్వాత కాళ్ళ బలం, చివరికి పొట్ట వేలాడుతుంది. ఎక్కకుండా ఇవి పోకుండా చూడాలంటే ఉన్నది ఒకటే మార్గం. నేను అమ్మ ఆడగుర్రం ఎక్కాలి, బోజ్ పగ్గం చేత్తో పట్టుకుని పక్కన నడిపించాలి. ముందు నడక, ఒళ్ళు వేడెక్కాక పరుగు, తర్వాత మోకాలి లోతు మంచులోకి దింపి మళ్ళీ నడక. లోతు మంచులో కాలెత్తి వెయ్యడం మనిషిని మోసినంత పని. చెమట మాత్రం పట్టనివ్వకూడదు. మా చలిలో తడిసిన గుర్రానికి ఊపిరితిత్తులు పట్టేస్తాయి. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు దాని ఛాతీ కింద చెయ్యి పెట్టి వెంట్రుకలు పొడిగా ఉన్నాయో లేదో చూసి, కంబళి కప్పి, వేడి తగ్గాకే నీళ్ళు పెట్టాలి.

పుస్తకంలో ఇది సులువుగా ఉంటుంది. పుస్తకం రాసినవాళ్ళకి అమ్మ ఆడగుర్రం తెలీదు. అది నలభై అడుగులు నడిచి నిలబడేది. బోజ్ దాని మెడ కొరికేది. అది వెనక్కి తన్నేది, దెబ్బ ఒక్కోసారి నా బూటుకి తగిలేది. ఇద్దరి మధ్యా నా చెయ్యి భుజం దగ్గర ఊడిపోతుందేమో అనిపించేది. నది ఒడ్డున మా ముగ్గుర్నీ చూసి బడి పిల్లలు వరస కట్టి నవ్వేవాళ్ళు. ఒకరోజు క్లాసులో గుండె గురించి చెప్తుంటే వెనక బెంచీలోంచి ఒక గొంతు, "టీచర్, బోజ్ గుండె ఎలా ఉంది?" అంది. బావుందని చెప్పి పాఠం కొనసాగించాను. ఏం చేస్తాం.

పెద్దమ్మ ఖదీషా బావి దగ్గర ఆడవాళ్ళందరి ముందూ అనేది. "మా గైషా గుర్రాన్ని కుక్కలా తాడేసి తిప్పుతోంది. వచ్చే ఏడు మేకకి జీనేసి ఎక్కుతుంది కాబోలు."

వీటికి నేను సిద్ధపడే ఉన్నాను. సిద్ధపడనిది ఇంకొకటుంది. మా వైపు ఓదార్పుకి వచ్చినవాళ్ళు చనిపోయినవాడి గుర్రానికి ఏదో ఒకటి పెట్టి వెళ్తారు. పిడికెడు బార్లీ కానీ, రొట్టెముక్క కానీ, ఎండు పెరుగు గడ్డ కానీ. అది గుర్రానికి పెట్టినట్టు కాదు, పోయినవాడికి ముట్టినట్టు. నాన్నకి స్నేహితులు ఎక్కువ. చలికాలం పనుల్లేని కాలం. ఈ కొండ నుంచి ఆ కొండ నుంచి రోజూ ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. టీ తాగి, నాన్న గురించి నాలుగు మాటలు చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని, వెళ్ళేముందు కొట్టం వైపు నడిచేవాళ్ళు. వాళ్ళ చేతిలోంచి బోజ్ చప్పరిస్తూ తినేది. నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఆ చెయ్యి పట్టుకుని ఆపడమంటే మా నాన్న కోసం చేసే ప్రార్థనని ఆపడమే.

చివరికి ముల్లాగారి దగ్గరికి వెళ్ళాను.

"ముల్లాగారూ, శుక్రవారం జుమ్మా ప్రార్థనలో మీరొక్కమాట చెప్పాలి. గుర్రానికి పెట్టేది పేదవాళ్ళకి పెట్టండి, అదే పుణ్యం అని."

"మంచి మాటే అమ్మాయ్, చెప్తాను." ఆయన గడ్డం నిమురుకుంటూ నాతోపాటే లేచాడు. "పద, నేనూ మీ ఇంటికే వస్తున్నా. కబ్దేష్ గుర్రాన్ని చూసి చాలా రోజులయింది."

కొట్టంలోకి వచ్చాక ఆయన కోటు జేబులోంచి పెద్ద గుడ్డమూట తీశాడు. నిండా బార్లీ.

"ముల్లాగారూ."

"ఇవాళ్టికి ఇదొక్కటీ పెట్టనీ. జుమ్మా నుంచి ఆపేద్దాం."

ఆయన జుమ్మా రోజు చెప్పాడు కూడా. అందరూ తలలూపారు. చెప్పింది పాటించింది ఒక్క తిలెక్. అది కూడా ఆయన మొదట్నుంచీ ఏమీ పెట్టేవాడు కాదు కాబట్టి.

వీళ్ళందరూ పెట్టింది ఒక ఎత్తు, ఆజె పెట్టింది ఒక ఎత్తు. బార్లీ గదికి తాళం వేస్తే ఆజె తన రొట్టె దాచి పెట్టేది. రొట్టె మీద కన్నేస్తే ఎండుగడ్డి మోపులోంచి పువ్వులున్న మంచి పోచలు ఏరి, పావడా అంచులో వేసుకుని తీసుకెళ్ళేది. ఒకరోజు బడి నుంచి తొందరగా వస్తే కొట్టంలో కనపడింది. పీట వేసుకుని కూర్చుని, గిన్నెలో నానబెట్టిన బార్లీ గుప్పెడు గుప్పెడు తినిపిస్తోంది. అది ఏ బార్లీ అని అడిగాను.

"పెద్దకోడలింట్లోది. నీ తాళం మన ఇంటికే కదా, ఊరికి కాదుగా."

"ఆజె, నేను పొద్దంతా తిప్పి తగ్గించినది నువ్వు సాయంత్రానికి తిరిగి ఎక్కిస్తున్నావు. ఇలాగైతే ఇది పందెంలో సగం దూరం కూడా పోదు."

"పోకపోతే పోకపోనీ. వెళ్ళాల్సిన చోటికి పోతుంది."

"నాన్న ఉంటే దీన్ని కొయ్యనిచ్చేవాడా?"

"వాడుంటే ఎవరు కోస్తారే? వాడు లేడు కాబట్టే కదా." గిన్నె కింద పెట్టి చేతులు పావడాకి తుడుచుకుంది. "వాడికి మోకాళ్ళ నొప్పులు. నీకు తెలీదా? ఇంట్లోంచి నది దాకా కూడా గుర్రం మీదే పోయేవాడు. అక్కడ నడిచి తిరగమంటావా?"

"చనిపోయాక మోకాళ్ళుండవు ఆజె."

"ఎవరు చెప్పారు? ఉలాన్‌బాతర్‌లో చెప్పారా?"

నేను బార్లీ గిన్నె బోజ్‌కి అందకుండా పక్కకి జరిపాను.

"చూసొచ్చినవాళ్ళు చెప్పారా?" అని మళ్ళీ అడిగింది. "నీకు నీ గుర్రం కావాలి. నాకు నా కొడుకు కాళ్ళు నొప్పెట్టకూడదు. నిన్ను నా చేతుల్లో పెంచాను కాబట్టి తిట్టకుండా మాట్లాడుతున్నాను. లే, నన్ను లేపు. నడుం పట్టేసింది."

లేపాను. ఆమె చంకలో చెయ్యి వేసి ఇంటిదాకా తీసుకొచ్చాను. ఆ దారంతా నాకు కోపంగానే ఉంది, ఎవరి మీదో తెలీని కోపం. నన్ను పెంచింది ఆవిడే. అమ్మా నాన్నా మందల వెంట పోతే నాకు తినిపించింది ఆ చేతులే.

జనవరిలో తుఫాను గాలి పట్టుకుంది. కొట్టం నుంచి ఇంటి దాకా తాడు కట్టుకుని, దాన్ని పట్టుకుని నడిచాం. గాలి తగ్గాక తలుపు తెరిస్తే బోజ్ నా వైపు తిరిగింది. నెలన్నర కష్టంతో లోపలికి పోయిన పొట్ట మళ్ళీ గుండ్రంగా ఉంది. మెడ పైభాగం, కత్తిరించిన జూలు కింద, రొట్టెపిండిలా మెత్తగా ఉంది. గాలి తుఫానులో కూడా ఆజె ఆ తాడు పట్టుకుని వచ్చిందన్నమాట. తిలెక్ గోడ మీంచి చూసి, "ఒక వేలు దాటింది," అన్నాడు. "ఇలాగే ఉంచు గైషా, రెండో వేలు వసంతానికి వస్తుంది. మీ పెదనాన్నకి నువ్వే మేలు చేస్తున్నావు."

ఆ సాయంత్రం ఏడవలేదు కానీ ఏడ్చినంత పనయింది. మర్నాడు అమ్మతో చెప్పి బోజ్‌ని మా శీతకాలపు మందల ఇంటికి తీసుకెళ్ళిపోయాను. అది నది అవతల, కొండ మలుపులో ఉంటుంది. మా మేనమామ ఒక్కడే అక్కడ గొర్రెలు కాస్తాడు. మాటలు తక్కువ మనిషి. ఓదార్పుకి వచ్చేవాళ్ళు అంతదూరం రారు. ఆజె నడవలేదు. బడి అయ్యాక నేను ఆడగుర్రం మీద గడ్డకట్టిన నది దాటి పోయి, బోజ్‌ని తిప్పి, చీకటి పడుతుంటే తిరిగొచ్చేదాన్ని. అమ్మ గుర్రానికి కూడా ఈలోగా కాళ్ళు సాగాయి. అది నిలబడడం మానేసింది, తన్నడం మానలేదు. బోజ్‌ని మనిషి ఎక్కకూడదు కానీ జీను ఎక్కకూడదని ఎవరూ అనలేదు. పాతకాలంలో వలస పోయేటప్పుడు తుల్ గుర్రం మీద పోయినవాడి జీనూ కోటూ వేసి నడిపించేవారట. నేను నాన్న జీను కట్టి, దాని మీద ఇసుక మూటలు వేసి, పైన ఆయన కోటు కప్పాను. పెదనాన్న ఒకసారి వచ్చి చూశాడు. కోటు అంచు ఎత్తి కింద మూటలు చూశాడు.  తప్పుపట్టడానికి ఆయనకి మాట దొరకలేదు.

మార్చిలో వచ్చే నౌరుజ్ పండగ నాటికి బోజ్ వేరే గుర్రమైపోయింది. పరిగెత్తించి ఆపితే దాని ఊపిరి రెండు మూడు విసుర్లలో సర్దుకునేది. ఛాతీ మీద చెయ్యి పెడితే గుండె మెల్లగా, పట్టుగా కొట్టుకునేది. తుంటి మీద కండ గట్టిపడింది. ముఖ్యంగా, ఊరి గుర్రాలన్నీ చలికి ఎండి నీరసంగా ఉన్నప్పుడు, ఇది ఎండింది కానీ నీరసించలేదు. నాకు మొదటిసారి నమ్మకం కలిగింది. వెధవ నమ్మకం.

విందుకి పది రోజుల ముందు బోజ్‌ని ఊళ్ళోకి తెచ్చాను. ఆజె కర్ర పట్టుకుని కొట్టం దాకా వచ్చింది. దాని మెడ మీద చెయ్యి వేసింది. తర్వాత పక్కటెముకల మీద. ఒక్కొక్క ఎముకా వేలితో తడిమింది. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆమె తన తలకి కట్టుకున్న తెల్లగుడ్డ అంచు పళ్ళతో పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

విందుకి మూడు మండలాల నుంచి జనం వచ్చారు. ఖోవ్ద్ నుంచి పెదనాన్న వియ్యంకులు రెండు వ్యాన్లలో వచ్చారు. గుడారాలు వరసగా వేశారు. కుండల కింద పిడకల పొగ. పందెం గుర్రాలు పదిహేను దాకా ఉన్నాయి. పందెంలో గుర్రాలెక్కేది పిల్లలే కాబట్టి బోజ్ మీద మా మేనత్త చిన్నకొడుకు ఎక్కాడు. ఏడాది తర్వాత వీపు మీదికి మనిషి రాగానే బోజ్ ఒక్కసారి ఒళ్ళంతా వణికి, చెవులు ముందుకి పెట్టింది. అది చూసి కొంతమంది పెద్దవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

గుర్రాలు నల్లకొండ వెనక నుంచి బయల్దేరాయి. చాలాసేపు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. తర్వాత ఎర్రగుర్రం కనిపించింది. దాని వెనక రెండు నల్లవి. వాటి వెనక బోజ్. నేను కూత పెట్టలేదు, పళ్ళు బిగించి చూశాను. అది అలసిపోలేదు. అదే నన్ను ఇప్పటికీ కాల్చే విషయం. అలసిపోలేదు. వచ్చాక దాని ఊపిరి మిగతా అన్నిటికంటే ముందు సర్దుకుంది. కానీ ముందున్నవాటికి కాళ్ళలో ఇంకా వేగం ఉంది. చలికాలమంతా పక్కన నడిపించి ఊపిరి నిలబెట్టగలిగాను కానీ, వీపు మీద మనిషితో విరగదౌడు తీయించని గుర్రానికి ఆ చివరి పరుగు రాదు. బోజ్ నాలుగోది.

 పెదనాన్న వచ్చి, "మాటంటే మాట," అన్నాడు, మెత్తగానే.

"అవును పెదనాన్నా."

పగ్గం నేనే పట్టుకుని కోసే చోటికి నడిపించుకొచ్చాను. దాన్ని ఇంకొకరి చేతికివ్వడం నాకిష్టం లేదు. తిలెక్ చేతులు మోచేతుల దాకా మడిచి కత్తి నూరుకుంటున్నాడు. వియ్యంకులు, ఊరి పెద్దలు గుండ్రంగా నిలబడ్డారు. ముల్లాగారు దువా కోసం చేతులెత్తబోయాడు. తిలెక్ అలవాటు ప్రకారం గుర్రం మెడ మీద చెయ్యి వేశాడు, పక్కటెముకల మధ్య వేళ్ళు పెట్టాడు, ఇంకోవైపుకి వెళ్ళి అక్కడా పెట్టాడు.

"దలెల్‌ఖాన్, ఒకసారి ఇటు రా."

పెదనాన్న వచ్చాడు. తనూ చెయ్యి పెట్టి చూశాడు.

"ఏముంది ఇందులో?" అన్నాడు తిలెక్ గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గించినా ఊరంతా వినబడుతుంది. "రెండు వేళ్ళన్నావు. ఒక వేలు కాదు కదా, గోరంత కొవ్వు కూడా లేదు. కుండలో వేస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. ఖోవ్ద్ వాళ్ళు మీసాలకి ఏం పూసుకుంటారు?"

వియ్యంకుల్లో ఒకాయన అటు తిరిగి నవ్వు దాచుకున్నాడు. పెదనాన్న మొహం నల్లబడింది.

"గైషా. కావాలనే చేశావు."

"లేదు పెదనాన్నా. గెలవాలని చేశాను."

"పందెం ఒక సాకు. దీన్ని ఎండగట్టి ఎందుకూ పనికిరాకుండా చెయ్యాలని ముందే అనుకున్నావు. చదువుకున్న బుర్ర కదా."

"ఒట్టు పెదనాన్నా. గెలవాలనే."

నమ్మలేదు. ఒక్కరూ నమ్మలేదు. తిలెక్ అయితే నా వైపు గౌరవంగా చూశాడు. ఆ చూపు నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. నేను ఏడాదంతా పడ్డ పాటు గెలవడానికి. ఆ పాటు దేనికీ కొరగాక, దాని వల్ల వచ్చిన బక్కతనం గొప్ప ఎత్తుగడ అయిపోయింది.

పెదనాన్న వియ్యంకుల వైపు చూశాడు, గుర్రం వైపు చూశాడు. "దీన్ని విప్పెయ్యండి. నా గొడ్డు ఆడగుర్రాన్ని తీసుకురండి." ఆయన మందలో ఈనని ఆడగుర్రం ఒకటుంది. పిల్లకి పాలివ్వాల్సిన పని లేదు కాబట్టి వసంతంలో కూడా నిగనిగలాడుతోంది.

అప్పుడు ఆజె మాట్లాడింది. ఆడవాళ్ళు కూర్చున్న చోటి నుంచి కర్ర మీద ఒంగి ఎప్పుడు వచ్చిందో మగవాళ్ళ గుంపు మధ్యలోకి వచ్చేసింది.

"బక్కదైతే ఏం దలెల్‌ఖాన్? వాడిది వాడికివ్వండి. అక్కడ గడ్డి లేదా? వాడే మేపుకుంటాడు."

"అమ్మా, అతిథులున్నారు."

"అతిథులు రేపు పోతారు. వాడు అక్కడే ఉంటాడు."

"నువ్వే కదమ్మా లావెక్కాలని ఏడాదంతా తినిపించావు."

"వాడు సుఖంగా కూచోవాలని తినిపించాను. నీ వియ్యంకుల మీసాల కోసమా?"

ఎవరూ నవ్వలేదు. పెదనాన్న ఆమె మోచెయ్యి పట్టుకుని, "లోపలికి రా అమ్మా, చలిగాలి," అని గుడారంలోకి తీసుకెళ్ళాడు. ఆమె మాట చట్టమనుకున్నాను. పరువు ముందు ఆ చట్టం కూడా నిలబడలేదు.

నేను పగ్గం పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ నిమిషంలో బోజ్‌ని నా చేత్తో తిలెక్‌కి అప్పగిస్తే ఆజె మాట నెగ్గేది. ఆ సంగతి నాకు తెలుసు. అప్పగించలేదు. ఇప్పుడైనా అప్పగించను. తాడు విప్పి దాన్ని నది వైపు వదిలాను.

గొడ్డు ఆడగుర్రంలో రెండు వేళ్ళ కొవ్వుంది. అతిథులు మెచ్చుకున్నారు. ముల్లాగారు దువా చదివేటప్పుడు కబ్దేష్ పేరు చెప్పి ఈ గుర్రం అతనికి చేరాలని అన్నారు. 

ఆ రాత్రికి ఆజె మాంసం ముట్టలేదు. మర్నాడు నేను టీ ఇస్తే తీసుకుంది. నా మీద అలగలేదు. అలిగితే బతిమాలుకునేదాన్ని, అదీ లేదు. ఆమె బాధ వేరు. రొట్టె తింటూ, ఉన్ని పేనుతూ, పొయ్యిలో పిడక వేస్తూ ఉండుండి ఒకటే అనేది. "ఆ ఆడగుర్రం మొండిది. ఎడమవైపు నుంచి ఎక్కబోతే కరుస్తుంది. వాడికి తెలీదు. వాడికెవరు చెప్తారు?"

"ఆజె, ముల్లాగారు దువా చేశారుగా."

"దువా చేశాడు. కరుస్తుందని చెప్పాడా?"

 ఇది ఉలాన్‌బాతర్‌లో నేర్పలేదు.

మళ్ళీ మంచు పడే ముందు ఆజె మంచం పట్టింది. డాక్టరు వచ్చి వయసు మీదపడిందన్నాడు. చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గింది కానీ ఆ గొడ్డు ఆడగుర్రాన్ని మర్చిపోలేదు. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని, తేటగా, పని పురమాయించినట్టు చెప్పింది. "నేను పోయి చూస్తాలే. నేను పట్టుకుంటే వాడు ఎక్కుతాడు."

బోజ్ ఉంది. నేను దాని మీదే బడికి పోతున్నాను. మా ఊళ్ళో కొంతమంది ఇప్పటికీ నన్ను ఎత్తుగడలు తెలిసినదానిగా చూస్తారు, వాళ్ళకి చెప్పి చెప్పి మానేశాను. గుర్రానికి ఈ గొడవ ఏమీ తెలీదు. జీను పట్టీ బిగిస్తే నా భుజం కొరుకుతుంది. నేను చేసింది తప్పని నేను అనుకోను. ఆజె అడిగింది తప్పని కూడా అనలేను. రెండూ ఒకే ఇంట్లో ఇమడలేదు, అంతే.

మీరు ఈ వైపు ఎప్పుడూ రాకపోవచ్చు. మా భాషలో దువా చెయ్యడం మీకు రాకపోవచ్చు. అయినా మీ పద్ధతిలో, మీకు వీలున్నప్పుడు, ఒక ముసలావిడని తలచుకోండి. ఆమె ఒక మొండి గుర్రం కళ్ళెం పట్టుకుని, మోకాళ్ళ నొప్పులున్న కొడుకు ఎక్కే దాకా నిలబడి ఉంటుంది. ఆమె పేరు బికెన్.